పుల్లీ మీద తెల్లగీత

పొందూరు,
ఆగస్టు 10

జోగయ్య మావకి,

నౌపడలో నువ్వూ గురమ్మ అత్తా కులాసాగా ఉన్నారని తలుస్తాను. నేను గుర్తున్నానా? అప్పలసూరి కొడుకుని. చిన్నప్పుడు నీ షెడ్డులో గ్రీజు డబ్బాలో చెయ్యి పెట్టి, ఆ చేత్తోనే నీ తెల్లచొక్కా పట్టుకున్నవాణ్ణి. ఇప్పుడు ఇక్కడి హైస్కూల్లో లెక్కలు చెబుతున్నాను.

విషయం నాన్న కాంటెస్సా కారు. నాన్న పోయి రెండేళ్ళయింది, అప్పటినుంచీ అది షెడ్డులోనే ఉంది. మొన్న కొత్త బ్యాటరీ వేసి తాళం తిప్పితే గుర్రుమంది, తుమ్మింది, ఆగిపోయింది. పది గజాలు నడవడానికి ఇరవై గజాలు తోయించుకుంటోంది. ఇంటర్నెట్లో కుర్రాళ్ళు దీన్ని మన దేశపు మజిల్ కారు అని ముద్దు చేస్తున్నారు. మజిల్స్ దానికున్నాయో లేవో గానీ, తోసి తోసి నాకొచ్చాయి.

మా ఆవిడ యమున కుట్టుపని యూనిట్ పెడుతోంది. దసరా దాటగానే ఆరు మిషన్లు దిగుతాయి. వాటికి ఆ షెడ్డు కావాలి. "దసరా నాడు ఈ బండి అత్తయ్యని శ్రీకూర్మం తీసుకెళ్ళి, ఎవరూ తొయ్యకుండా తిరిగి తెచ్చిందా, మిషన్లు వరండాలో ఏసుకుంటాను. నేదా, ధనరాజుకి కబురెడతాను" అంది. ధనరాజు విజయనగరంలో పాత ఇనుము కొంటాడు. ఇప్పటికే ఒకసారి వచ్చి కారు చుట్టూ తిరిగి, డోరు మీద వేలితో కొట్టి విని, తల ఊపి వెళ్ళాడు. ఆ తల ఊపుడు నాకు నచ్చలేదు.

అమ్మ సంగతి నీకు తెలుసు. ఏటా దసరాకి నాన్న ఆమెని ఈ కారులోనే శ్రీకూర్మం తీసుకెళ్ళేవాడు. నాన్న పోయాక వెళ్ళలేదు. ఆటో మాట్లాడతానంటే, "ఆ కారులో అయితే ఎల్తాను. నేదా ఇంట్లోంచే దణ్ణం ఎడతాను" అంటుంది. కారు పోతే ఆమె ఇక గడప దాటదు మావా. నా భయమంతా అదే.

ఇరవై ఏళ్ళు ఆ ఇంజను చూసింది నువ్వొక్కడివే. ఏం చెయ్యాలో చెప్పు.

ఇట్లు,
తోయలేక అలసిన
ధర్మేంద్ర

తా.క. ఫోన్ మూడుసార్లు చేశాను. మూడుసార్లూ అత్తే ఎత్తి "మీ మావ బండి కింద ఉన్నారు" అంది. నువ్వు షెడ్డు మూసి నాలుగేళ్ళయిందని విన్నానే. ఎవరి బండి మావా?


నౌపడ,
ఆగస్టు 14

చిరంజీవి ధర్మేంద్రకి జోగయ్య మావ దీవించి రాసేది.

ఎవరి బండైతే నీకేటి? నువ్వు గుర్తున్నావు. ఆ సొక్కా కూడా గుర్తున్నాది. గురమ్మ ఇప్పటికీ దాంతోనే పొయ్యి మీద గిన్నెలు దింపుతాది.

ఇంజను సంగతి ఫోన్లో మాట్లాడకూడదు. కాయితం మీదుంటే తప్పెవుడిదో తర్వాత తేల్తాది.

నీ కారుకి రోగం నేదు, టైమింగ్ తప్పింది. పిస్టన్ పైకొచ్చి పెట్రోలుని నొక్కుతాది సూడు, సరిగ్గా ఆ గడియకి ప్లగ్గులో నిప్పు పడాల. ముందే పడిందనుకో, పైకొస్తన్నోడి నెత్తి మీద మొట్టినట్టు. లోపల డబ్బాలో గులకరాళ్ళేసి ఊపిన సప్పుడొస్తాది. ఆలీసంగా పడిందనుకో, పెళ్ళయిపోయాక బేండుమేళం వచ్చినట్టు. బలముండదు, ఏడెక్కుతాది, సైలెన్సర్లో పేల్తాది.

బానెట్ ఎత్తు. ఫేను ఎనకాల కింద పుల్లీ ఉంటాది. కంపెనీ గాటు కళ్ళకి ఆనదని దాని అంచు మీద నాను తెల్లరంగుతో నిలువుగా గీత గీసేను. పక్కనే ఇంజనుకి ఇనప ముల్లు ఉంటాది. మొదటి ప్లగ్గు వైరుకి టైమింగ్ లైటు తగిలించి, ఇంజను తిరుగుతుండగా పుల్లీ మీద కొట్టు. లైటు టిక్కుటిక్కుమంటే గీత నిలబడిపోయినట్టు కనిపిస్తాది. అప్పుడు ప్లగ్గులకి నిప్పు పంచే డిస్ట్రిబ్యూటర్ బోల్టు పానాతో వదులు సేసి, ఎంట్రుకవాసి ఎంట్రుకవాసి తిప్పు. గీత ముల్లుకి ఎదురొచ్చిందా, బిగించెయ్.

గీతని నమ్ము. ఇంకెవుడి మాటా నమ్మకు.

ఇట్లు,
జోగయ్య, మెకానిక్కు

తా.క. మజిల్ అంటే కండలని మా మనవరాలు తులసి సెప్పింది. కండలున్నోడిని ఎవుడైనా ఎనకనుంచి తోస్తాడేటి?


పొందూరు,
ఆగస్టు 24

గౌరవనీయులైన మావకి,

టైమింగ్ లైటు తెప్పించాను. పదహారో తేదీ శనివారం నువ్వు చెప్పినట్టే గీతని ముల్లుకి ఎదురుగా పెట్టి బిగించాను. ఒక్క తాళానికే స్టార్ట్ అయింది! అమ్మ హారతిచ్చింది. రైల్వే గేటు దాకా వెళ్ళాను. గేరు మార్చి తొక్కేసరికి లోపల గులకరాళ్ళు. రోడ్డు మీద ప్రతివాడూ తన బండిలోంచి ఏదో ఊడి పడిందనుకుని ఆగి కిందకి చూసుకున్నాడు.

నిన్న శనివారం మళ్ళీ లైటు పెట్టి చూస్తే, నేను వేలు కూడా వెయ్యని గీత ముల్లుకి ఒక వేలెడు పక్కన ఉంది. మళ్ళీ ఎదురుగా తెచ్చి బిగించాను. ఈసారి గులకరాళ్ళు పోయాయి, బలం కూడా పోయింది. సైకిలు మీద వెళ్తున్న మా బడి అటెండరు ఎర్రన్న నన్ను దాటేసి, వెనక్కి తిరిగి నమస్కారం పెట్టాడు.

వీడియోలో ఒక అమెరికా ముసలాయన పాత కార్ల టైమింగ్ గురించి చెబుతున్నాడు. ఆయన కొలిచినట్టే నేనూ బడి నుంచి కోణమానిని తెచ్చి కొలిచాను. గీత నీ మాట వినడం లేదు మావా.

ఇట్లు,
ధర్మేంద్ర

తా.క. ఫోన్ చేశాను. ఇంకా బండి కిందే ఉన్నావట. భోజనానికైనా లేస్తున్నావా?


నౌపడ,
ఆగస్టు 28

లెక్కల మేష్టారు ధర్మేంద్ర గారికి,

గీత కదలదయ్యా. నువ్వు కదిలేవు. పక్కనుంచి తొంగి సూసుంటావు. పక్కనుంచి సూస్తే ముల్లుకి ఎదురుగా ఉన్న గీత కూడా జరిగినట్టు కనబడతాది. ఎదురుగా నిలబడి సూడాల. కోణమానిని పిల్లలకిచ్చెయ్, ఆళ్ళకి పరీక్షలుంటాయి.

ఆ అమెరికా ఆయన్నే పలాస పాసింజరెక్కి పొందూరులో దిగమను. నాను ఇరవై ఏళ్ళు సూసిన ఇంజనుకి ఆయనెవుడు సెప్పడానికి? మీ నాన్న ఒక్కనాడు నన్ను ఇలాగ అడగలేదు. "జోగీ, బాగుంది" అనేవాడు, ఎల్లిపోయేవాడు.

మళ్ళీ గీతకే పెట్టు. గీత తప్పంటే నన్ను తప్పన్నట్టే.

ఇట్లు,
కోపంగా ఉన్న
జోగయ్య

తా.క. బండి కిందకే కేరేజీ పంపుతాది గురమ్మ. నీకెందుకు?


పొందూరు,
సెప్టెంబరు 7

మావా,

నిన్ను తప్పనలేదు. జరిగింది విని నువ్వే చెప్పు.

ముప్పయ్యో తేదీ ఎదురుగా, నేల మీద మోకాళ్ళేసి కూర్చుని చూశాను. గీత మళ్ళీ జరిగి ఉంది. మళ్ళీ పెట్టాను. బయల్దేరి మా వీధి వినాయకుడి పందిరి ముందుకి వచ్చేసరికి సైలెన్సర్ పేలింది. పందిట్లో కుర్రాళ్ళు బాణసంచా మొదలైందనుకుని, నా కారు ముందు డాన్సు మొదలెట్టారు. నేను కదిలిన కొద్దీ అది పేలింది, పేలిన కొద్దీ వాళ్ళు ఎగిరారు. దిగి "ఊరేగింపు కాదురా బాబూ" అంటే ఎవడూ వినలేదు. వినాయకుడు పందిట్లోనే ఉన్నాడు, నన్ను మాత్రం చెరువు దాకా తీసుకెళ్ళారు.

నిన్న చూస్తే గీత ఇంకోవైపు జరిగింది! యమున ధనరాజుకి ఫోన్ చేసింది. "దసరా దాకా ఆగు, తాడు మాత్రం తెచ్చుకో" అంది. అమ్మ ఆ రోజంతా అన్నం సరిగ్గా తినలేదు. "మీ నాన్న ఉంటే దానికి ఇలాగ అయేదా?" అంటుంది. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు మావా.

ఇట్లు,
ధర్మేంద్ర

తా.క. అమ్మ మాత్రం శుక్రవారం శుక్రవారం కారుకి దీపం పెడుతోంది. ఆ పూజవల్లే ఈమాత్రమైనా నడుస్తోందని ఆమె నమ్మకం. నీ గీత కంటే అదే నయమేమో.


నౌపడ,
సెప్టెంబరు 11

ఒరే ధర్మేంద్రా,

రెండ్రోజులు ఆలోసించేను. ఆ పుల్లీ ఒక్క ముక్క కాదు. లోపల సక్రం, బయట సక్రం, మధ్యన రబ్బరు. రబ్బరు పాతబడి జారితే బయట సక్రం గీతతో సహా తిరిగిపోతాది. పెద్ద పెద్ద కార్లకే అవుతాది. తేల్సాలంటే లోపలదానికీ బయటదానికీ కలిపి ఆకురాయితో ఒక సన్నగాటు పెట్టు. వారం తర్వాత గాటు రెండు ముక్కలయిందా, రబ్బరు తప్పు.

గాటు తిన్నగా ఉండి గీతొక్కటే జరిగిందా, అప్పుడిది ఇంజను పని కాదు. మనిషి సెయ్యి. ఎవుడో పాత గీత సెరిపి కొత్తది గీస్తన్నాడు. కారు పోతే ఎవుడికి లాభం? ధనరాజుకి. షెడ్డు ఎవరికి కావాల? మీ ఆవిడకి. నాను ఏటీ అన్లేదు. షెడ్డుకి తాళం ఎయ్యి. తాళంచెయ్యి నమ్మకమైన మనిషి కాడ పెట్టు.

ఇట్లు,
జోగయ్య

తా.క. మీ ఆవిడకి ఈ ఉత్తరం సూపించకు.


పొందూరు,
సెప్టెంబరు 20

మావా,

యమున ఆ ఉత్తరం చూసింది. తా.క. ముందు చదివింది.

మూడు రోజులు ఇంట్లో నాతో మాటల్లేవు. ఉప్పు కావాలన్నా అమ్మని అడిగి అమ్మ ద్వారా తెప్పించుకున్నాను. పదమూడో తేదీ గాటు పెట్టాను, షెడ్డుకి తాళం వేశాను, తాళంచెయ్యి అమ్మ దగ్గర పెట్టాను. ఆమె కంటే నమ్మకమైన మనిషి ఎవరున్నారు? అయినా మనసాగక, నిన్న శుక్రవారం సగం పూట సెలవు పెట్టి, షెడ్డులో తవుడు బస్తాల వెనక దాక్కున్నాను.

తాళం తీసుకుని లోపలికి వచ్చింది మా అమ్మ సుభద్రమ్మ. దీపం పెట్టింది. బానెట్ ఎత్తి, తడిగుడ్డతో పుల్లీ తుడిచి, చిన్న గిన్నెలో తిరుమణి సుద్ద కలిపి, కొబ్బరి ఈనె ముంచి, పొడుగ్గా చెయ్యి చాపి తెల్లగా గీత గీసింది!

నేను బస్తాల వెనకనుంచి కేక పెట్టాను. ఆమె అదిరిపడి, తర్వాత తిట్టింది. "ఏటా కేక? జోగయ్య పెట్టిన నామం సెరిగిపోతంటే దిద్దుతన్నాను."

"అది నామమా అమ్మా?"

"కాక? నిలువుగా, తెల్లగా ఉన్నదాన్ని ఏటంటారు? పాపం ఒక్క గీతే గీసేడు. ఎర్రచూర్ణం అయిపోయుంటాదిలే అనుకున్నాను. ఈసారి కూర్మం ఎల్లినప్పుడు తెచ్చి పూర్తి సేద్దారని ఉన్నాను."

"సరిగ్గా పాతదాని మీదే పెడుతున్నావా?"

"నా కళ్ళకి అంత ఆనుతాదేటి? ఏలెడు అటో ఇటో పడతాది. దేవుడేటి కొలుస్తాడేటి?"

నేను కొలిచాను. వేలెడంటే పన్నెండు డిగ్రీలు మావా. నీ గాటు చెక్కుచెదరలేదు. నెల రోజుల పైనుంచీ నేను మా అమ్మ నామానికి ఇంజను తిప్పుతున్నాను.

అసలు సంగతి, అమ్మ తొలిసారి పుల్లీని కుంకుడు రసంతో తోమినప్పుడే నీ తెల్లరంగు పోయింది. కంపెనీ గాటు తుప్పులో కలిసిపోయింది. ఇప్పుడు దేనికి పెట్టాలి? దసరాకి పన్నెండు రోజులుంది. విషయం తెలిసి అమ్మ మూల కూర్చుంది. "నా సేతుల్తో నానే పాడుసేసేను" అంటుంది. ఒక్కసారి రా మావా.

ఇట్లు,
నీ కాళ్ళు పట్టుకుంటున్న
ధర్మేంద్ర

తా.క. యమునకి క్షమాపణ చెప్పాను. నీ తరఫునా చెప్పాను. నాది ఒప్పుకుంది.


నౌపడ,
సెప్టెంబరు 24

ధర్మేంద్రకి,

నవ్వి నవ్వి నాకు పొలమారింది. గురమ్మ ఈపు తట్టింది. నా గీతకి నెలరోజులు దీపాలెట్టి పూజ జరిగిందంటే, ఏ మెకానిక్కుకి దక్కుతాదిరా?

మీ అమ్మని ఏటీ అనకు. గీత పోతే పోనీ. ఆ లెక్క కొత్త ఇంజనుకి. అరిగిపోయిన ఇంజనుకి సప్పుడు బట్టే పెట్టాల.

ఆదివారం పాసింజరుకి వస్తన్నాను. నాను పని సేస్తన్నప్పుడు ఎవులూ నన్ను మాటాడించకూడదు. ఇంకోటి, మీ అమ్మ వంటింట్లో ఉండకూడదు. నాకు ఎదురుగా అరుగు మీద కూకోవాల. మళ్ళీ ఏ నామం పెట్టేస్తాదో అని నా భయం.

ఇట్లు,
జోగయ్య

తా.క. యమునమ్మకి సెప్పు, ముసిలోడు వచ్చి స్వయంగా లెంపలేసుకుంటాడని.


పొందూరు,
అక్టోబరు 3

మహానుభావుడైన జోగయ్య మావకి శతకోటి నమస్కారాలు.

వెళ్ళాం! నిన్న దసరా నాడు అమ్మని శ్రీకూర్మం తీసుకెళ్ళి తెచ్చాను. ఒక్కరు తోస్తే ఒట్టు. ధనరాజు తాడుతో వచ్చాడు. అమ్మ ఆ తాడు తీసుకుని డిక్కీలో కొబ్బరికాయల బస్తా కట్టించింది. యమున ముందు సీట్లో కూర్చుని, శ్రీకాకుళం దాటాక "ఇంకొంచెం తొక్కండి" అంది. ఇంటికొచ్చాక మిషన్లకి వరండా కొలుచుకుంది.

ఆదివారం నీ పని కళ్ళారా చూశాను. ఇంజను మీద చెయ్యి వేశావు. పొడుగు స్క్రూడ్రైవర్ ఒక కొస ఇంజనుకి, ఇంకో కొస చెవికి. రెండో చేత్తో డిస్ట్రిబ్యూటర్ని వెంట్రుకవాసి తిప్పుతున్నావు. నేను మూడుసార్లు "సరిపోయిందా మావా?" అని అడిగితే నీకు పట్టనేలేదు. అదీ ఏకాగ్రత! కళ్ళు కూడా ఇంజను మీద లేవు, అరుగు వైపు ఎటో చూస్తున్నావు. నాదం వినేవాళ్ళు అలాగే ఎటో చూస్తారు కాబోలు. ఉన్నట్టుండి "బిగించు" అన్నావు. అంతే, నాన్న నడిపినప్పటి ఆ గొంతు!

అమ్మకి ఏమైందో, సరిగ్గా అప్పుడే చింతపండు వలిచేది వదిలేసి లోపలికి వెళ్ళి, చెంబుతో నీళ్ళు తెచ్చి గడప దగ్గర పెట్టి నిలబడింది. మంచిదే అయిందని ఆ నీళ్ళు తీసి రేడియేటర్లో పోసేశాను. అదోలా చూసింది.

అసలు కబురు. విశాఖలో పాత కార్ల సంఘం వాళ్ళు డిసెంబరులో నీకు సన్మానం చేస్తారు. పది కార్లు వరసగా పెడతారు. నువ్వు వేదిక మీదనుంచి దిగి ఒక్కొక్కదానికీ చెవి ఆనించి, అందరి ముందూ టైమింగ్ పెట్టాలి. నీ పేరు ఇచ్చేశాను.

ఇట్లు,
నీ శిష్యుడు
ధర్మేంద్ర

తా.క. పుల్లీ మీద నామం మాన్పించాం. అమ్మ కూర్మం నుంచి ఎర్రచూర్ణం తెచ్చి, స్టీరింగ్ పక్కన మూడు గీతలూ పూర్తిగా పెట్టింది.


నౌపడ,
అక్టోబరు 8

చిరంజీవి ధర్మేంద్రకి,

నా పేరు కొట్టించెయ్. ముందు ఆ పని సేసి, తర్వాత ఈ ఉత్తరం సదువు.

నాకు వినబడదురా. నాలుగేళ్ళయింది. నలభై ఏళ్ళు ఇంజన్ల మీద పెట్టిన సెవులు రెండూ పోయాయి. అందుకే షెడ్డు మూసేను. సప్పుడు వినని మెకానిక్కుని ఎవుడు రానిస్తాడు? సిగ్గేసి ఎవులకీ సెప్పనేదు. ఫోనొస్తే బండి కింద ఉన్నాడని గురమ్మ సేత అబద్దం ఆడించేను. నువ్వు మూడుసార్లు అడిగేనన్నావు సూడు, నాకు ఒక్కటీ తెలీదు. మిగతా మాటలు పెదాలు సూసి నెట్టుకొచ్చేను. స్క్రూడ్రైవరు ఊరికే, మీ యమునమ్మ సూస్తన్నాదని.

సెయ్యి ఏస్తే అదురు తెలుస్తాది. దాంతో సగం దూరం ఎల్లొచ్చు. మిగతా సగం నాను మీ అమ్మ మొకం సూసి పెట్టేను.

మీ నాన్న బతికున్నప్పుడు, కారు బాగుసేసేక ట్రయలుకని ఇద్దరం మీ ఇంటికే వచ్చీవోళ్ళం. మీ వీధి మలుపు తిరిగీసరికి గడప కాడ చెంబుతో నీళ్ళు ఉండేవి. ఒకసారి కాదు, ప్రతిసారీ. "ముందు కబురెట్టేవేటి?" అంటే మీ నాన్న నవ్వీవోడు. "సుభద్రకి నా గొంతు కంటే నా కారు గొంతు బాగా తెల్సు జోగీ. రైల్వే గేటు కాడ వినబడితే సాలు, కాళ్ళు కడుక్కోడానికి నీళ్ళు పెట్టీసి నిలబడతాది" అనీవోడు.

అందుకే ఆవిణ్ణి అరుగు మీద కూకోబెట్టమన్నాను. నాను తిప్పుతన్నాను, ఆవిడ చింతపండు ఒలుస్తన్నాది. ఇంకొంచెం తిప్పేను. సెయ్యి ఆగింది. తలెత్తింది. ఇంకొక్క ఎంట్రుకవాసి. లేచింది. కొంగు సర్దుకుని లోపలికెల్లి చెంబు తెచ్చి గడపలో పెట్టింది. పెట్టేక గుర్తొచ్చినట్టున్నాది, అలాగే నిలబడిపోయింది. అప్పుడే నిన్ను బిగించమన్నాను. నాకు కళ్ళు కనబడనేదు కాసేపు.

ఆ నీళ్ళు మీ నాన్న కాళ్ళకిరా ఎదవా. నువ్వు రేడియేటర్లో పోసేవు. పోన్లే, ఆయన బండికే కదా.

శాలువా ఉంటే మీ అమ్మకి కప్పమను. టైమింగ్ పెట్టింది ఆవిడే.

ఇట్లు,
మీ మావ
జోగయ్య

తా.క. ఇక ఫోన్ సెయ్యకు. "బండి కింద ఉన్నాడు" అని సెప్పీ సెప్పీ గురమ్మకి నోరు నొప్పెడతంది. ఉత్తరం రాయి. ఉత్తరమైతే నాకు బాగా వినబడతాది.